ట్యాబ్ నుంచి మళ్ళీ ల్యాప్‌టాప్‌కి: కొనే ముందు చూడాల్సినవి, మారేటప్పుడు జాగ్రత్తలు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మూడేళ్ళుగా కీబోర్డు తగిలించిన ఐప్యాడే మీ కంప్యూటరు. అనువాదాలు, ప్రూఫులు, తమ్ముడి షాపు లెక్కలు అన్నీ దాని మీదే. ఈ మధ్య ప్రతి పనికీ రెట్టింపు టైమ్ పడుతోంది, మళ్ళీ ల్యాప్‌టాప్ కొనాలనిపిస్తోంది. కానీ ఇంట్లో వాళ్ళు "అంత డబ్బు పోసి అది కొన్నది ఇందుకేనా" అంటున్నారు. కొంటే ఏం చూసుకోవాలి, పాత ట్యాబ్ అమ్మేయాలా అని అడిగారు.

నాదీ దాదాపు ఇదే దారి. అనువాదం, ప్రూఫ్ రీడింగ్ నా వృత్తి. 2020 నుంచి 2023 దాకా ట్యాబ్ ఒక్కదానితోనే సంసారం నడిపాను, ఆ తర్వాత ల్యాప్‌టాప్‌కి వచ్చేశాను. అందుకే ముందుగానే చెప్పేస్తున్నాను: మారండి. మీరు రాసిన పనులకి ల్యాప్‌టాప్ కావాలి. ట్యాబ్‌ని మాత్రం కనీసం ఆరు నెలల దాకా అమ్మకండి.

ఇంట్లో వాళ్ళ మాట మొదట తీసుకుందాం, ఎందుకంటే నన్ను ఏడాది పాటు ఆపింది అదే. మీరు అప్పుడు చేసింది తప్పేమీ కాదు. ఐప్యాడ్‌కి ఫోన్ నుంచి వేరుగా సొంత సిస్టమ్ వచ్చింది 2019లో. పెన్‌డ్రైవ్ గుచ్చితే ఫైళ్ళు కనబడటం అప్పుడే మొదలైంది. 2020 మార్చిలో మౌసు, ట్రాక్‌ప్యాడ్ సరిగ్గా పనిచేసే అప్‌డేట్ ఇచ్చారు. శాంసంగ్ ట్యాబుల్లో డెక్స్ (ట్యాబ్ తెరని కంప్యూటరు తెరలా మార్చే సౌకర్యం) 2018 నుంచే ఉంది. మీరు కొనే నాటికి ఇవన్నీ కుదురుకున్నాయి. ఇక ల్యాప్‌టాప్ ఎందుకు అని ఎవరికైనా అనిపిస్తుంది. పైగా ఆ మూడేళ్ళూ అది మీకు అన్నం పెట్టింది కదా, డబ్బు వృథా ఎలా అవుతుంది?

ఇంకో మాట. 2020 నవంబరులో మాక్‌బుక్ ఎయిర్‌లో వచ్చిన ఎం1 చిప్పునే 2021లో ఐప్యాడ్ ప్రోలోనూ పెట్టారు. రెండింటిలోనూ చిప్పు ఒక్కటే. అయినా ఒకదాని మీద జరిగే పనులు కొన్ని రెండోదాని మీద జరగవు. కాబట్టి "ఇంకా ఖరీదైన ట్యాబ్ కొంటే సరిపోతుందేమో" అనే ఆలోచన మీకు ఏ మూలనైనా ఉంటే దాన్ని వదిలేయండి. మీ ఇబ్బంది వేగం వల్ల వచ్చింది కాదు.

మరి దేని వల్ల? మన పని మన దగ్గర మొదలైనా మన దగ్గరే ముగిసిపోదు. నాకు ఇది ఎలా తెలిసొచ్చిందో చెప్తాను. 2022లో ఒక స్మారక సంచిక చేశాను, 200 పేజీల పైమాటే. అనువాదమంతా ట్యాబ్ మీదే. పొద్దున్నే వరండాలో కూర్చుని, ఛార్జరు వైరు లేకుండా, ఫ్యాను చప్పుడు లేకుండా హాయిగా చేసుకున్నాను. ఆ హాయి నిజమైనదే, దాన్ని నేను ఇప్పటికీ తక్కువ చేయను. చివరి ప్రూఫు దగ్గరికి వచ్చేసరికి ప్రెస్సు వాళ్ళు పేజ్‌మేకర్ (అచ్చు పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేరు) ఫైలు పంపి, "మార్పులు మీరే చేసి పంపేయండి, పొద్దున్నే అచ్చు ప్లేట్లకి వెళ్ళాలి" అన్నారు. ట్యాబ్ మీద ఆ ఫైలు తెరవడానికే దారి లేదు. రాత్రి 9 దాటాక మా వీధి చివర డీటీపీ సెంటరు ఆయన్ని బతిమాలి, దించిన షట్టరు మళ్ళీ ఎత్తించి, ఆయన కంప్యూటరు మీద ఒంటిగంట దాకా కూర్చున్నాను. ఆయన మంచివారు కాబట్టి పని గట్టెక్కింది.

పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చింది 2001లో. అయినా తెలుగు అచ్చు పనిలో చాలాచోట్ల ఈనాటికీ అదే నడుస్తోంది, దానికి తోడు అను ఫాంట్లు. అవి యూనికోడ్ (ఏ యంత్రంలోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల ప్రమాణం) కావు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే తెలుగు వాక్యం ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు కలగాపులగంగా కనబడతాయి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, మార్చాక ఒత్తులు, అంకెలు మళ్ళీ ఒక్కొక్కటీ చూసుకోవాల్సిందే. ప్రెస్సు వాళ్ళని మారమనడం మన చేతిలో లేదు. అందుకే ఎవరు అడిగినా నేను ఇదే చెప్తున్నాను: మీ పని చివరికి ఎవరి చేతికి చేరాలో, వాళ్ళు దాన్ని ఏ రూపంలో అడుగుతారో చూసి కంప్యూటరు కొనుక్కోండి. రాసుకోవడానికి ఏదైనా చాలు. ఇబ్బంది అప్పగించే చోటే వస్తుంది.

నా మాట మీద కొనేయకండి. రెండు వారాలు ఒక చిన్న నోటుపుస్తకం పక్కన పెట్టుకోండి. ట్యాబ్ మీద కుదరక ఇంకొకరి కంప్యూటరు దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ రాయండి. ఒక్క అడుగులో అవ్వాల్సిన పని నాలుగు అడుగుల్లో అయిన ప్రతిసారీ రాయండి. నేను 14 రోజులు రాస్తే 23 వచ్చాయి. అందులో సగానికి పైగా ఒకే రకం: మెయిల్లో వచ్చిన ఫైలుని ఒక యాప్‌లోకి తెచ్చుకోవడం, అక్కడి నుంచి ఇంకో యాప్‌కి పంపడం, తీరా చూస్తే అదే ఫైలుకి మూడు నకళ్ళు తయారై వాటిలో ఏది తాజాదో తెలియకపోవడం. ఒకసారి క్లయింటుకి పాత నకలు వెళ్ళిపోయింది కూడా. ఇంట్లో వాళ్ళకి చూపించడానికి ఆ పుస్తకం కంటే మంచి సాక్ష్యం లేదు. రెండు వారాల్లో మూడో నాలుగో మాత్రమే వస్తే మాత్రం డబ్బు దాచుకోండి, నిజంగానే మీకు ట్యాబ్ చాలు.

మీరు రాసిన పనులు ఒక్కొక్కటే చూస్తాను. అనువాద సంస్థలకి పనిచేస్తున్నట్టైతే ట్రాడోస్ స్టూడియో, మెమోక్యూ లాంటి అనువాద సాఫ్ట్‌వేర్లు విండోస్ మీద ఇన్‌స్టాల్ చేసుకునేవి. బ్రౌజర్‌లో నడిచే ఎడిటర్లు కొంతవరకు ఆదుకుంటాయి గానీ, పెద్ద ప్యాకేజీ వస్తే అసలు సాఫ్ట్‌వేరే కావాలి. ఒమేగాటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు విండోస్, మాక్, లైనక్స్ మూడింటి మీదా నడుస్తుంది, నేర్చుకోవడానికి అది మంచిది. షాపు లెక్కలు టాలీలో ఉంటే అదీ విండోసే. జీఎస్‌టీ రిటర్న్ విషయంలో తేడా గమనించండి: మీ తమ్ముడిది సొంత షాపు అయితే ఫోన్‌కి వచ్చే ఓటీపీతో సంతకం అయిపోతుంది, దానికి ట్యాబ్ చాలు. కంపెనీగానో ఎల్ఎల్‌పీగానో (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) రిజిస్టర్ చేస్తే డిజిటల్ సంతకం తప్పనిసరి. అది యూఎస్‌బీ టోకెన్‌లో వస్తుంది, దానికి డ్రైవరూ (ఆ టోకెన్‌ని కంప్యూటరు గుర్తించేలా చేసే ప్రోగ్రాము), సంతకం చేయించే సాఫ్ట్‌వేరూ ఎక్కించాలి. ఆ పని ట్యాబ్‌తో కాదు. ఎక్సెల్‌లో ఎవరైనా మాక్రోలు (పనులు వాటంతటవే జరిగేలా ఫైల్లో రాసే చిన్న ప్రోగ్రాములు) పెట్టిన ఫైలు పంపినా అంతే, ఐప్యాడ్ ఎక్సెల్‌లో మాక్రోలు నడవవు.

న్యాయంగా ఇంకో పక్క కూడా చెప్పాలి. 2025లో వచ్చిన ఐప్యాడ్ఓఎస్ 26తో యాప్‌ల కిటికీలు (విండోలు) మనకి కావలసినట్టు పరుచుకునే వీలు, పైన మెనూ బార్, వెనకాల పని సాగే సౌకర్యం వచ్చాయి. అంతకుముందు పెద్ద వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టి వేరే యాప్‌లోకి వెళ్తే అది ఆగిపోతుండేది, ఇప్పుడు ఆ బాధ తగ్గింది. బొమ్మలు వేసేవాళ్ళు, ఎక్కువగా చదువుకుని గీతలు పెట్టుకునే విద్యార్థులు, మెయిలూ మీటింగులూ మాత్రమే ఉన్నవాళ్ళు మారక్కర్లేదు. మీకూ నాకూ అవసరమైన సాఫ్ట్‌వేర్లు దానికి రాలేదు, మన సంగతి అంతవరకే.

ఇప్పుడు కొనే విషయం. ర్యామ్ 16 జీబీ, ఎస్ఎస్‌డీ 512 జీబీ తీసుకోండి. ర్యామ్ చాలా మోడళ్ళలో బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోవడం కుదరకపోవచ్చు, కాబట్టి మొదటే చూసుకోవాలి. ప్రాసెసర్ వేగం గురించి మన పనికి ఎక్కువ ఆలోచించక్కర్లేదు.

స్క్రీన్ గురించి మాత్రం చాలా ఆలోచించండి. షాపులో ఎవరూ దీని గురించి చెప్పరు, ట్యాబ్ నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువగా బాధపడేది దీని దగ్గరే. మీ ఐప్యాడ్ స్క్రీన్‌లో అంగుళానికి 264 చుక్కలు (పిక్సెళ్ళు) ఉంటాయి. మామూలుగా దొరికే 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్‌లో 141. అంటే సగానికి కాస్త పైన. ఇంగ్లీషు చదివేవాళ్ళకి ఆ తేడా పెద్దగా తెలియదు. తెలుగుకి తెలుస్తుంది. ‘ధ’కీ ‘థ’కీ మధ్య ఉన్నది కడుపులో ఒక చుక్క. ‘ప’కీ ‘ఫ’కీ మధ్య కింద ఒక చిన్న గీత. ‘స్త్ర’ లాంటి చోట ఒత్తు కింద ఒత్తు. తక్కువ చుక్కల తెర మీద 11 పాయింట్ల అక్షరంలో ఇవి కలిసిపోతాయి. ప్రూఫు చూసేవాళ్ళు పేజీని పెద్దది చేసుకుంటూ పోవాలి, సాయంత్రానికి కళ్ళు మండుతాయి. నేను మొదట కొన్న ల్యాప్‌టాప్ ఇలాంటిదే. మూడు నెలలు ‘ప్రథమ’, ‘ప్రధమ’ల మధ్య తడబడి చివరికి విడిగా మానిటర్ కొన్నాను. 14 అంగుళాల్లో 1920 ఇంటూ 1200 ఉంటే 160 దాకా వస్తుంది, పని నడుస్తుంది. 2880 ఇంటూ 1800 ఉంటే 240 పైన, అది మీ ట్యాబ్‌కి దగ్గర. మాక్‌బుక్ ఎయిర్ 13 అంగుళాలది 224. షాపుకి వెళ్ళినప్పుడు ఫోన్లోంచి మీ పాత తెలుగు ప్రూఫు ఒకటి మెయిల్ చేసుకుని ఆ తెర మీద 100 శాతం సైజులో తెరిపించండి. మొహమాటపడకండి. కొనేది మీరు, ఐదారేళ్ళు చూడాల్సింది మీ కళ్ళు.

వాడిన ల్యాప్‌టాప్ కొనడమూ మంచి ఆలోచనే. హైదరాబాదు అందుబాటులో ఉంటే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వరసగా షాపులున్నాయి. ఒక్కటి చూసుకోండి: విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో 8వ తరం లేదా ఆ తర్వాతిది అయి ఉండాలి. 6వ తరం, 7వ తరం మిషన్లు చవగ్గా ఇస్తామంటే ఆశపడకండి. స్నాప్‌డ్రాగన్ చిప్పుతో కొత్తగా వస్తున్న విండోస్ ల్యాప్‌టాప్‌లు బ్యాటరీకి బాగుంటాయి, కానీ పాత ప్రింటర్లు, యూఎస్‌బీ టోకెన్లు ఆ చిప్పుకి సరిపడే డ్రైవర్లు ఉంటేనే పనిచేస్తాయి. మీకు అను ఫాంట్లు, టోకెన్ పనులు ఉంటే ఇంటెల్ లేదా ఏఎండీ తీసుకోండి.

తెలుగు టైపింగ్ గురించి టెన్షన్ పడకండి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ ఒక రకంగా కూడి తెర మీదికి వస్తే ఐఫోన్లు, ఐప్యాడ్లలో యాప్‌లు మూతపడిపోయేవి, గుర్తుందా? ఆ నెలలోనే అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. ఇప్పుడు తెలుగు ఎక్కడైనా బాగానే కనిపిస్తోంది. విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) ఎప్పటినుంచో ఉంది. 2019 మే అప్‌డేట్ నుంచి ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఫొనెటిక్ కీబోర్డు కూడా సిస్టమ్‌లోనే వస్తోంది, భాషల సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చుకుంటే చాలు. ట్యాబ్ మీద వేలితో తడుముకుని రాసిన వేగానికి, ఇక్కడ ఇన్‌స్క్రిప్ట్ పట్టుబడ్డాక వచ్చే వేగానికి పోలికే లేదు. నెల రోజులు ఓపిక పట్టండి. ఫాంట్లకి మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి.

ఇక సామాను తరలించడం. ఇక్కడ తొందరపడకండి, నేను తొందరపడి నష్టపోయాను. ట్యాబ్‌లో మన ఫైళ్ళన్నీ ఒక్కచోట ఉండవు, చాలా యాప్‌లు ఎవరి పెట్టెలో వాళ్ళు దాచుకుంటాయి. యాప్ తీసేస్తే ఆ పెట్టె కూడా పోతుంది. న్యాయస్థానాల తీర్పులు అనువదించేటప్పుడు ఎదురైన పదాలన్నీ ట్యాబ్ పెన్సిల్‌తో ఒక యాప్‌లో రాసుకున్న నోట్సు నాకు ఉండేది. ‘ఇంజంక్షన్’కి ఏ సందర్భంలో ఏం వాడాను, ‘డిక్రీ’ని ఎక్కడ అలాగే ఉంచాను, ఇలా మూడేళ్ళ పని. ల్యాప్‌టాప్ వచ్చిన సంతోషంలో ట్యాబ్‌లో చోటు ఖాళీ చేద్దామని ఆ యాప్ తీసేశాను. క్లౌడ్‌లో ఉంటుందనుకున్నాను, బ్యాకప్ స్విచ్ ఎప్పుడూ వేయలేదు. ఆ పదాలు మళ్ళీ పోగుచేసుకోవడానికి ఏడాది పైన పట్టింది, కొన్ని ఇంకా దొరకలేదు. ఆరు నెలలు ట్యాబ్‌ని అమ్మొద్దని మీకు చెప్పింది ఇందుకే.

ప్రతి యాప్‌నీ తెరిచి, అందులో మీ రాత ఏమైనా ఉందా చూడండి. చేతిరాత నోట్సుని పీడీఎఫ్‌గా బయటికి తీయండి, దాంతోపాటు ఆ యాప్ సొంత రూపంలోనూ ఒక నకలు ఉంచండి, ఎందుకంటే పీడీఎఫ్‌లో ఆ రాతని మళ్ళీ కదిపి దిద్దుకోవడం కుదరదు. ఐప్యాడ్‌లోని పేజెస్ (రాతకి), నంబర్స్ (లెక్కలకి) యాప్‌ల ఫైళ్ళు విండోస్‌లో నేరుగా తెరుచుకోవు, ట్యాబ్ మీదే వర్డ్, ఎక్సెల్ రూపంలోకి మార్చి పంపుకోండి. నోట్స్ యాప్‌లో రాసుకున్నవి ఐక్లౌడ్ వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. పాస్‌వర్డ్‌లకి, ఫొటోలకి విండోస్ కోసం ఐక్లౌడ్ యాప్ ఉంది. డబ్బు పెట్టి కొన్న ఐప్యాడ్ యాప్‌లు మాత్రం విండోస్‌కి రావు, అది వదులుకోవాల్సిందే. ఇవన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఎక్కించాక, ల్యాప్‌టాప్ మీద ప్రతి ఫోల్డర్లోంచి రెండు మూడు ఫైళ్ళు తెరిచి చూడండి. కాపీ అయితే చాలదు, తెరుచుకోవాలి.

ల్యాప్‌టాప్ వచ్చిన మొదటి రోజే రెండు పనులు చేయండి. కొత్త విండోస్ మిషన్లలో డిస్కుకి తాళం (ఎన్‌క్రిప్షన్) చాలావరకు దానంతటదే పడి ఉంటుంది. దానికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది, మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో చూసి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఎప్పుడైనా రిపేరుకి ఇచ్చొచ్చాక అది అడిగితే, కీ లేకపోతే లోపలున్నవి ఇక దొరకవు. రెండోది, పవర్ సెట్టింగ్స్‌లో మూత వేస్తే హైబర్నేట్ అయ్యేలా (చేస్తున్న పని దాచుకుని పూర్తిగా ఆగిపోయేలా) పెట్టుకోండి. ట్యాబ్ అలవాటు కొద్దీ మనం మూత వేసి సంచీలో పెట్టేస్తాం. కొన్ని విండోస్ ల్యాప్‌టాప్‌లు మూత వేసినా పూర్తిగా నిద్రపోవు, బస్సు దిగేసరికి సంచీ వేడెక్కి బ్యాటరీ అయిపోయి ఉంటుంది. ఇక వారానికి ఒకసారి బ్యాకప్. బ్యాకప్ స్విచ్ వేసి ఉంటే ట్యాబ్ రాత్రిపూట ఛార్జింగ్‌లో ఉండగా తన బ్యాకప్ తాను తీసుకునేది, ఇక్కడ ఆ పని మీరు చేయాలి.

మొదటి పది రోజులు ట్యాబే నయం అనిపిస్తుంది. తెర మీద వేలు పెట్టి జరపబోతారు. ముట్టుకోగానే వెలగదు, బరువు మారుతుంది. అయితే పెద్ద ఐప్యాడ్ ప్రో ఎం1 682 గ్రాములు, దాని మ్యాజిక్ కీబోర్డుతో కలిపితే 1.4 కిలోల దాకా వెళ్తుంది, చిన్న మాక్‌బుక్ ఎయిర్ 1.24 కిలోలే. కాబట్టి మీరు మోస్తున్నది ఇప్పటికే ల్యాప్‌టాప్ బరువు కావచ్చు, ఒకసారి కాటా మీద పెట్టి చూడండి.

ట్యాబ్ ఎందుకు ఉంచుకోమన్నానంటే, ప్రూఫు దిద్దడానికి దాన్ని మించింది నాకు ఇంకా దొరకలేదు. పేజీలు పీడీఎఫ్‌గా తెచ్చుకుని పెన్సిల్‌తో కాగితం మీద గుర్తులు పెట్టినట్టే పెట్టొచ్చు, పాత స్కాన్ పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని చదువుకోవచ్చు. నేను ఇప్పుడు మూలాన్ని ట్యాబ్ మీద తెరిచి పక్కన నిలబెట్టుకుని, ల్యాప్‌టాప్ మీద అనువాదం కొడతాను. కిటికీలు మార్చుకునే పనే లేదు. ఆరు నెలలయ్యాక కూడా దాని మీద దుమ్ము పడుతుంటే అప్పుడు అమ్మేయండి.

కొనేముందు మీ ప్రెస్సు వాళ్ళకి ఒక ఫోన్ చేయండి. ఫైలు అను ఫాంట్లలోనే కావాలంటే విండోస్ తీసుకోండి, ఇంకేమీ చూడక్కర్లేదు. యూనికోడ్‌లో ఇచ్చినా తీసుకుంటామంటే, ట్రాడోస్, టాలీ కూడా మీకు లేకపోతే, మాక్‌బుక్ ఎయిర్‌ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. వాళ్ళేమన్నారో చెప్తే, మోడల్ విషయం అప్పుడు మాట్లాడుకుందాం.